ఇంటి నుడి – ఇంగ్లీషు బడి

ఇంగ్లీషు నేర్వవలెనా వలదా యను వివాదము మన దేశమున రెండువందల యేండ్లకు చేరువగుచున్నది. 1835వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన మెకాలే దొర తన నివేదికను సమర్పించినది మొదలు ఎందరో పండితులు ఆ పక్షమునను ఈ పక్షమునను నిలిచి వాదించిరి. ప్రజలు మాత్రము ఆ తగవును తమంతట తామే తీర్చివేసిరి. నేడు కూలివాడు మొదలు కోటీశ్వరునివరకు ప్రతి తండ్రియు తన బిడ్డకు ఇంగ్లీషు రావలెనని కోరుచున్నాడు. ఆ కోరిక న్యాయమైనది. దానిని ఖండించుటకు ఈ వ్యాసము వ్రాయబడలేదు. ఇంగ్లీషు పేర మన బడులలో జరుగుచున్న పనివలన ఆ కోరిక నెరవేరుటలేదనియు, పిల్లవాని ఇంటి నుడిని నోటినుండి తుడిచివేసినగాని ఇంగ్లీషు రాదను మూఢనమ్మకమే దీనికి మూలమనియు చెప్పుటకు వ్రాయబడుచున్నది.

హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు రాజమార్గమున, శంషాబాదునకు ముందుగా, సాతంరాయి యను గ్రామమున్నది. ఒకప్పుడు సేద్యమే ఆధారముగా బ్రతికిన పల్లెసీమ యది. 2008 మార్చిలో శంషాబాదున అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడిన పిమ్మట ఆ సీమ రూపు మారినది. పొలములు ప్లాట్లయినవి. గిడ్డంగులు, హోటళ్లు, కర్మాగారములు లేచినవి. వానివెంట జనము వచ్చినది. ఊరివారి తెలుగు, తరతరములుగా అచ్చటనే కాపురమున్న ముస్లిం కుటుంబముల దక్కనీ ఉర్దూ, తండాలనుండి వచ్చినవారి లంబాడీ, బీహారు ఉత్తరప్రదేశములనుండి పనికి వచ్చినవారి హిందీ భోజపురులు, ఒరిస్సా కూలీల ఒడియా – ఇన్ని నుడులు ఒక్క బాటప్రక్కన వినవచ్చుచున్నవి. ఆ యిండ్ల పిల్లలందరును ఒక్క బడిలో ఒక్క చాపమీద కూర్చుండి ఒక్క ఇంగ్లీషు వాచకమును తెరచుచున్నారు.

ఆ పక్కనే గల విమానాశ్రయములో దారి చూపు పలకలు ఒకటికి మించిన భాషలలో వ్రాయబడియున్నవి. టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు దారి తప్పరాదని అంత జాగ్రత్త! బడిలో కాలుపెట్టిన ఆరేండ్ల పసివాడు దారి తప్పినను మనకు చింతలేదు. వాని ఇంటి నుడి యేదియని అడిగిన ఉపాధ్యాయులెందరు? బడి పట్టికలో కులమునకు గడి యున్నది, మతమునకు గడి యున్నది, తండ్రి ఆదాయమునకు గడి యున్నది. ఇంటిలో ఆ బిడ్డ యే మాటలతో అన్నమడుగునో తెలిసికొని, దానినిబట్టి పాఠము దిద్దుకొను ఆచారము మాత్రము మనలో పుట్టలేదు.

అడుగకపోవుట యొక దోషము. అడుగకయే శిక్షించుట మహాపరాధము. 2009 అక్టోబరులో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లీషు బడివారు, తెలుగులో మాట్లాడిరను నేరమునకు పిల్లల మెడలో పలకలు కట్టి, తామెన్నడును తెలుగు మాట్లాడమని వానిపై వ్రాయించిరి. ఆ వార్త వెలువడగా తెలుగునేల యంతయు ఉడికిపోయినది. పత్రికలు ధిక్కరించినవి, పెద్దలు ఖండించిరి. కాని ఆ పలక మైదుకూరులో మాత్రమే యున్నదా? తెలుగుమాట దొర్లినందుకు రూపాయి రెండు రూపాయలు జరిమానా వేయు బడులు మన నగరములందు లేవా? తన బిడ్డచేత ఆ జరిమానా కట్టించి, బడివారి కట్టుదిట్టము మెచ్చుకొను తలిదండ్రులు మన చుట్టములలో లేరా? మెడలో కట్టిన పలకను అందరును చూచిరి. మనసులో కట్టిన పలక యెవరికిని కనబడదు.

హైదరాబాదు రాజ్యపు తెలుగువారికి ఈ బాధ క్రొత్తది కాదు. 1921 నవంబరులో హైదరాబాదు నగరమున కార్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కారసభ జరిగినప్పుడు, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో ఉపన్యసింప లేచిరి. సభలోనివారు చప్పట్లుచరచి గేలిచేసి ఆయనను కూర్చుండబెట్టిరి. సంఘమును సంస్కరించుటకు కూడిన సభ యది! ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. తరువాతి తెలుగు ఉద్యమమంతయు దానినుండి పెరిగినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో తెరువబడినప్పుడు, దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని లోకమునకు తెలిసినది. ఉర్దూ ఇంటి నుడిగా గల బాలునికి అది వరమే. తెలుగింటి బాలునికి అది ఇంగ్లీషునకు ముందు మరియొక గోడ. ఆ గోడ నెక్కలేక బడి మానిన తాతలు మన యిండ్లలో నుండిరి.

ఇంత యనుభవించిన మనము నేడేమి చేయుచున్నాము? లంబాడీ పిల్ల తరగతిలో తల్లిని ‘యాడి’ యని పిలిచినచో నవ్వుచున్నాము. ఒడియా కూలివాని కొడుకు పలుకలేక నిలిచినచో మందమతియని వ్రాయుచున్నాము. దక్కనీ మాటలాడు బాలునితో ‘నీ ఉర్దూయే సరిగా లేదు, ఇంగ్లీషేమి వచ్చును’ అనుచున్నాము. నాడు గేలికి గురియైనవారి మనుమలు నేడు గేలిచేయువారైరి. తెలుగునకు జరిగినది అన్యాయమైనచో, లంబాడీకి మనవలన జరుగునది న్యాయమెట్లగును?

‘నీటిలో దింపినగాని ఈత రాదు, ఇంగ్లీషులో ముంచినగాని ఇంగ్లీషు రాదు’ అని యొక వాదము కలదు. ఇది వినుటకు ఇంపుగానున్నది గాని మన పల్లెలలో ఈత నేర్పు విధమును ఎరిగినవారాడు మాట కాదు. మోటబావిలో ఈత నేర్పునప్పుడు తండ్రి పిల్లవాని నడుమునకు బెండు కట్టును. బెండు పిల్లవానిని తేల్చును. తేలినవాడు భయము విడిచి కాలుసేతు లాడించును. కొన్నినాళ్లకు బెండు వదులగును. తుదకు దాని యవసరమే యుండదు. నడుమునకేమియు కట్టక లోతున త్రోసినచో నూటికొకడు ఈదును. ఆ యొక్కనిని చూపి మన బడులు ప్రకటనలు వేయుచున్నవి. మునిగినవారి లెక్క యెవరును వేయరు. వారు ఇంగ్లీషు రానివారుగా మిగులుటయే కాక, లెక్కలు రానివారుగను, శాస్త్రము రానివారుగను, చివరకు బుద్ధి లేనివారుగను లెక్కింపబడుచున్నారు. ఇంటి నుడియే ఆ బెండు.

మరియొక మాట. లండనులోని అన్యదేశపు బాలుడు బడి విడిచిన తరువాతకూడ వీధిలో, అంగడిలో, ఆటస్థలమున ఇంగ్లీషే వినును. సాతంరాయి బాలునికి ఇంగ్లీషు వినబడునది ఉపాధ్యాయుని నోట, ఆ బడి గంటలలో. ఆయన నోటనైనను అది అరువు నుడియే. అక్కడ నదియున్నది గనుక ఈదించుచున్నారు. ఇక్కడ చెంబెడు నీళ్లలో ఈదుమనుచున్నాము.

ఇంటి నుడి ఇంగ్లీషునకు అడ్డమని భావించువారు ఒక్కసారి పిల్లల తప్పులను చేరబిలిచి పరీక్షింపవలెను. తప్పులు అడ్డదిడ్డముగా పుట్టవు. ప్రతి తప్పునకును ఒక ఇల్లున్నది. తెలుగు మాట సాధారణముగా అచ్చుతో ముగియును. కావున తెలుగింటి బిడ్డ ఇంగ్లీషు మాట చివర ఉకారము చేర్చి బస్సు, రోడ్డు, బుక్కు అనును. ఒడియాలోను మాటలు అచ్చుతో ముగియుట పరిపాటి గనుక ఆ బిడ్డయు ఈ బిడ్డతో ఒక్క పంక్తిని కూర్చుండవలసినవాడే. ఉర్దూ, హిందీ ఇండ్ల బిడ్డకు మాట చివర కష్టము లేదు. వాని కష్టము మొదట నున్నది. సంయుక్తాక్షరముతో మొదలగు మాట నోట తిరుగక ‘ఇస్కూల్’, ‘ఇస్టేషన్’ అనును. ఉపాధ్యాయుడు ఇద్దరిని ఒక్క బెత్తముతో కొట్టి ‘సరిగా పలుకుము’ అనుచున్నాడు. ఒకనికి మాట తోకయందును, మరియొకనికి మాట తలయందును సాయము కావలెనని తెలిసినచో బెత్తముతో పనియేమి?

వాక్యముల సంగతియు నిట్టిదే. ఆకలి వేసిన పిల్లవాడు తెలుగులో ‘నాకు ఆకలి యగుచున్నది’ అనును. దక్కనీలో ‘మేరేకు భూక్ లగ్రీ’ అనును. ఒడియాలో ‘మొతే భోక లాగుఛి’ అనును. ఈ నుడులన్నిటిలోను ఆకలి మనిషికి వచ్చునది. ఇంగ్లీషులో మనిషియే ఆకలిగొన్నవాడు: ‘ఐ యామ్ హంగ్రీ’. ఈ యొక్క భేదమును నల్లపలకమీద వరుసగా వ్రాసి చూపిన చాలును. తరగతి యంతయు ఒక్క దినమున గ్రహించును. చలి, దాహము, భయము, కోపము – ఇట్టి పది పాఠములు ఒక్క పాఠములో ఇమిడిపోవును. క్రియ వాక్యము చివర నుండుట తెలుగునకు, ఉర్దూకు, లంబాడీకి, ఒడియాకు సమానము. ఇంగ్లీషులో అది నడుమకు వచ్చును. ‘ఇంటిలో’ అనునప్పుడు మనకు ‘లో’ వెనుక వచ్చును, ఇంగ్లీషున ‘ఇన్’ ముందు వచ్చును. ద్రావిడమనియు ఆర్యమనియు భాషాశాస్త్రజ్ఞులు వేరుచేసిన నుడులు ఇంగ్లీషు నెదుట ఇట్లు ఒక్క కుటుంబమువలె నిలుచుచున్నవి. పిల్లల నుడులు అయిదైనను పాఠములు అయిదు కానక్కరలేదు.

మర్యాదల భేదము ఇంకను లోతైనది. మనకు ‘నీవు’, ‘మీరు’ కలవు. ఉర్దూలో ‘తూ’, ‘తుమ్’, ‘ఆప్’ కలవు. ఇంగ్లీషులో ‘యు’ ఒక్కటే. గురువును ‘యు’ అనుటకు జంకి ఎందరో పిల్లలు నోరు మెదపరు. దానిని మనము తెలివితక్కువయని పొరపడుచున్నాము. ‘కలము ఇవ్వండి’ అనుదానిలోని ‘అండి’ యందు మన మర్యాదయంతయు నున్నది. దానిని మాటకు మాటగా ‘గివ్ మి ది పెన్’ అనగా ఆ మర్యాద దారిలో జారిపోవును; వినువాడు వీడు మొరటువాడనుకొనును. ఇంగ్లీషువాని మర్యాద ‘ప్లీజ్’ అనుటయందును, ఆజ్ఞను ప్రశ్నగా మార్చి అడుగుటయందును ఉన్నదని చెప్పినవారేరి? వ్యాకరణము తప్పినచో మార్కులు తగ్గును. మర్యాద తప్పినచో ఉద్యోగము పోవును. విమానాశ్రయమున పనికి పోదలచిన సాతంరాయి యువకునికి ఏది ముఖ్యమో మీరే యోచింపుడు.

పోల్చి నేర్పుటవలన మరియొక లాభమున్నది. పిల్లవాడు తన నుడికి లోపమున్నదనుకొనడు. ‘మనము’, ‘మేము’ అని తెలుగు పిల్లవాడు ఎదుటివానిని కలుపుకొనియు విడిచియు చెప్పగలడు. ఇంగ్లీషునకు ‘వి’ ఒక్కటే దిక్కు. మేనమామ, బాబాయి, పెదనాన్న, మామూ, చాచా, ఫూఫా – ఇందరును ఇంగ్లీషున ఒక్క ‘అంకుల్’ అగుదురు. ఇది తెలిసిన పిల్లవాడు ఇంగ్లీషును చూచి బెదరడు. అది తన భాషవంటి మరియొక మానవభాష యనియు, దానికిని కలిమిలేములున్నవనియు గ్రహించును. పైగా ఇంగ్లీషు మన యింటనుండి ఎరువు తెచ్చుకొన్న మాటలు కొల్లలు. వారి ‘బాండికూట్’ మన పందికొక్కే. ‘లూట్’, ‘పైజామా’, ‘బంగళా’ మాటలు హిందూస్థానీనుండి పోయినవి. ఎలుకజాతిలో మొరటుదానికి పేరు పెట్టుకొనుటకు తెల్లవాడు తెలుగువాని గుమ్మమునకు వచ్చెనని చెప్పినచో తరగతిలో ఎంత నవ్వు పుట్టునో, ఆ నవ్వుతో ఎంత ధైర్యము కలుగునో, చెప్పి చూడుడు.

ఇక మన వాచకముల సంగతి. ఆపిలుపండు ఎరుగని చోట ఆపిలుతో అక్షరాభ్యాసము, మంచెరుగని చోట మంచు పాట! సీతాఫలము చేతనున్న బిడ్డకు దాని పేరు ఇంగ్లీషున చెప్పుటకు మనకు తోచదు. తెలంగాణ పల్లెలలో పీర్లపండుగనాడు హిందువులును ముస్లిములును ఒక్క గుండముచుట్టు తిరుగుదురు. బతుకమ్మ, బోనాలు, లంబాడీల తీజ్ – వీనినిగూర్చి పిల్లవానికి చెప్పుటకు ఎన్నియో మాటలున్నవి. చెప్పవలెనను తహతహ యున్నచోటనే భాష పుట్టును. ఎరుగని దేశపు ఎరుగని పండుగనుగూర్చి పది వాక్యములు వ్రాయుమన్నచో, వాడు గైడు చూచి వ్రాయక యేమి చేయును?

అయితే ఒక మోసమునుగూర్చి హెచ్చరింపవలెను. బహుసంస్కృతుల విద్య యనగా వార్షికోత్సవమున వేషములు కట్టించుటయే యని కొందరు తలచుచున్నారు. అద్దముల రవికె, గవ్వల పైట కట్టించి లంబాడీ నృత్యమాడింతురు. ముఖ్యాతిథి చప్పట్లు కొట్టును. ఫోటో పత్రికలో పడును. మరునాడు ఆ తండాబిడ్డయే తరగతిలో తన నుడి పలికినచో కసరుదురు. బట్టకు గౌరవము, పలుకునకు శిక్ష! ఒక జాతి రవికెను వేదికమీదికి ఎక్కించి దాని నాలుకను గుమ్మమున నిలుపుట సంస్కృతిని ఆదరించుట యగునా?

ఇదంతయు కొత్త దేశముల కొత్త శాస్త్రమని శంకించువారు గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపవలెను. ఆయన వ్యావహారిక భాషకై పోరినవాడని మనమందరమెరుగుదుము. అంతకుముందే ఆయన పర్లాకిమిడి కొండలలోని సవరల నుడిని స్వయముగా నేర్చి, ఆ నుడిలో వాచకములను, కథలను, పాటలను కూర్చి, సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పించెను. మద్రాసు ప్రభుత్వమువారు ఆయన కృషికి పారితోషికమీయబోగా, దానికి మారుగా సవరలకు బడులు పెట్టుడని కోరెనని ప్రసిద్ధి. 1931లో ఆయన సవరభాషా వ్యాకరణ గ్రంథమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఇంగ్లీషు బడిలో పాఠములు చెప్పుకొనుచుండిన తెలుగు బ్రాహ్మణ ఉపాధ్యాయుడు, తనకు అక్కరలేని కొండనుడిని నేర్చుటకు కొండలెక్కి జ్వరములు పడెను. ఆయన జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచు దండలు వేయుచున్న మనము, తరగతిగదిలో నాలుగడుగుల దూరమున కూర్చున్న లంబాడీ బిడ్డ నుడిలో ‘రమ్ము’, ‘కూర్చుండుము’ అను మాటలైనను నేర్చితిమా?

ప్రభుత్వములు ఏమియు చేయలేదని చెప్పుట అన్యాయము. సమైక్యాంధ్రప్రదేశమున 2004లో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, లంబాడీ అను ఎనిమిది నుడులలో పిల్లలకు ప్రాథమిక విద్య నారంభించిరి. రాజ్యాంగములోని 350ఎ అధికరణము, 2009 నాటి విద్యాహక్కు చట్టము, 2020 నాటి జాతీయ విద్యావిధానము – అన్నియు ప్రాథమిక దశలో మాతృభాషనే ముందుంచినవి. మరియొక ప్రక్క 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన బడులను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్ప నుత్తరువు చేసినది. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసినది. తెలంగాణములో 2022-23 విద్యాసంవత్సరమునుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. అప్పుడు వాచకములను ఒక పుట ఇంగ్లీషునను ఎదుటిపుట తెలుగునను అచ్చొత్తించిరి. ఇది మెచ్చదగిన పని. బెండు కట్టవలెనను తెలివి ప్రభుత్వమునకు కలిగినదని సంతోషింపవచ్చును. కాని తండాబిడ్డకు ఆ రెండు పుటలును పరాయివే. ఒడియా కూలివాని బిడ్డకును అంతే. పుస్తకము చేయలేనిది ఉపాధ్యాయుడు చేయవలెను. ఆ ఉపాధ్యాయునికి అట్టి శిక్షణ నీయకయే మాధ్యమపు పేరు మార్చితిమి. బోర్డు మార్చినంతమాత్రమున బోధన మారునా?

ఇచ్చట మాతృభాషాభిమానులతో ఒక మాట చెప్పక తప్పదు. ఇంగ్లీషు మాధ్యమము పేదల బడికి వచ్చిన దినమున తెలుగు చచ్చిపోవునని ఆక్రోశించినవారిలో పెక్కుమంది బిడ్డలు ఎన్నడో ఇంగ్లీషు బడులలో చదివి విదేశములకు పోయినవారు. అణగారిన కులముల బిడ్డలకు ఇంగ్లీషు అందనీయకుండుటకే ఈ భాషాభిమానము పనికివచ్చుచున్నదని కంచె ఐలయ్యగారు చిరకాలముగా వాదించుచున్నారు. ఆ వాదము చేదుగానుండవచ్చును. దానికి బదులు చెప్పుట సులభము కాదు. తన బిడ్డకు ఇంగ్లీషు, పనిమనిషి బిడ్డకు మాతృభాషాభిమానము బోధించువాడు సంస్కర్త కాడు. కాని పేదబిడ్డకు ఇంగ్లీషు కావలెనను నెపమున వాని నుడిని అణగద్రొక్కుటయు, పేదవానికి మరియొక ద్రోహమే. ధనికుని బిడ్డకు ఇంటిలో పుస్తకములున్నవి, ప్రయివేటు పంతులున్నాడు, ఇంగ్లీషు తెలిసిన తల్లి యున్నది. బెండు లేకపోయినను వాని నాలుగు చేతులు తేల్చును. పేదబిడ్డకు బడియే దిక్కు. అక్కడ బోధన చెడినచో వానికి ఇంగ్లీషును రాదు, తన నుడియు నిలువదు.

శంషాబాదున విమానమెక్కి అమెరికాకు పోవు మనవారి సంగతి విచారించిన ఈ విషయము తేటపడును. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు బడులలో ఇంగ్లీషు రాని చీనా పిల్లలు ఇంచుమించు 1,800 మంది, ప్రత్యేక సాయమేదియు లేక కూర్చుండిరి. 1974లో ఆ దేశపు సుప్రీంకోర్టు ‘లా – నికొల్స్’ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, అందరికిని ఒకే పుస్తకము, ఒకే ఉపాధ్యాయుడు, ఒకే పాఠ్యక్రమము ఇచ్చినంతమాత్రమున సమానత్వము కలుగదని నిర్ణయించెను. ఇంగ్లీషు తెలియనివానికి అర్థమగు విద్యయే నిరాకరింపబడుచున్నదని చెప్పెను. ఆ తీర్పు ఫలమును నేడు తెలుగువారి బిడ్డలును అనుభవించుచున్నారు. బిడ్డను బడిలో చేర్పించునప్పుడు ఇంటిలో మాట్లాడు భాషయేదియని అచ్చటివారు కాగితమిచ్చి అడుగుదురు. ఇంగ్లీషు చాలనిచో తగిన సాయము చేయుదురు. మరియు 2007లో కాలిఫోర్నియాలో పుట్టిన సిలికానాంధ్ర మనబడివంటి సంస్థలకు మనవారు సెలవుదినములలో కారు నడిపికొనిపోయి, రుసుము చెల్లించి, బిడ్డలకు అ ఆ లు దిద్దించుచున్నారు. హైదరాబాదులో తెలుగు మాటాడినందుకు రుసుము, అమెరికాలో తెలుగు మాటాడుటకు రుసుము! ఇంగ్లీషు పుట్టినింటివలె నున్న దేశమున ఇంటి నుడి ఇంగ్లీషునకు అడ్డము కానిచో, సాతంరాయిలో ఎట్లు అడ్డమైనది?

‘ఒక్క ఉపాధ్యాయుడు అయిదు నుడులెట్లు నేర్చును?’ అని అడుగవచ్చును. నేర్వనక్కరలేదు. ఆ నుడులు పిల్లల నోటనే యున్నవి. ‘దీనిని మీ ఇంటిలో ఏమందురు?’ అని ఉపాధ్యాయుడు అడిగినచో నాలుగు చేతులు లేచును. ఆ నాలుగు మాటలను తెలుగులిపిలో పలకమీద వ్రాసి ప్రక్కన ఇంగ్లీషుమాట వ్రాయుటకు పాండిత్యమేల? కథను మొదట తెలిసిన నుడిలో చెప్పించి పిమ్మట ఇంగ్లీషున చెప్పినచో అర్థమునకై వెదుకులాట తప్పును. ఒక నుడివారిని ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చుండబెట్టి తమలో తాము చర్చించుకొననిచ్చి, తేల్చినదానిని ఇంగ్లీషున చెప్పుమనవచ్చును. పెద్ద తరగతి చదువు లంబాడీ బాలిక చిన్న తరగతికి దుబాసి కాగలదు. తండాలోని చదువుకొన్న కోడలిని, బస్తీలోని ఉర్దూ తెలిసిన అమ్మను నెలజీతమిచ్చి సహాయకురాలిగా పెట్టుకొనవచ్చును. వీనికి కావలసిన ధనము స్వల్పము. కావలసిన వినయము మాత్రము అధికము.

శిక్షణకు చోటు లేదందురా? దేశమునకంతకును ఇంగ్లీషు ఉపాధ్యాయులను తీర్చుటకు 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థ స్థాపింపబడినది హైదరాబాదులోనే. 2007లో అది ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయమైనది. తార్నాకలో ఆ పండితులును, శంషాబాదు బాటలో ఈ పిల్లలును ఒక్క నగరపు రెండు కొసలనున్నారు. పండితుల పరిశోధనలు సముద్రములు దాటుచున్నవి. నగరపు ఈ కొసకు చేరవలదా?

కావున మన కోరికలు కొద్దివి. ఇంటి నుడి పలికినందుకు జరిమానాయు శిక్షయు విధించుట చట్టరీత్యా నేరము కావలెను. బడిలో చేర్చుకొను దినమున ప్రతి బిడ్డ ఇంటి నుడిని వ్రాసికొని, ఆ పట్టికను తరగతి ఉపాధ్యాయుని చేతికీయవలెను. మొదటి రెండేండ్లు ఇంగ్లీషును చెవికిని నోటికిని అలవరచి, వ్రాతను తరువాతకు ఉంచవలెను. లెక్కలలోను శాస్త్రములోను విషయము తెలిసి ఇంగ్లీషు చాలని బిడ్డ తన నుడిలో జవాబు చెప్పినచో వానికి మార్కులీయవలెను. ఉపాధ్యాయ శిక్షణలో పలుభాషల తరగతిని నడుపుట ప్రత్యేక విషయము కావలెను.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. గృహస్థులు చేయవలసినది వేరు. బడిని ఎంచుకొనునప్పుడు ‘ఇక్కడ తెలుగు మాట్లాడనీయరు గదా’ అని అడుగుట మానుడు. ‘నా బిడ్డకు అర్థము కానప్పుడు ఏ భాషలో చెప్పుదురు’ అని అడుగుడు. మీ ఇంటి పసివానితో విరిగిన ఇంగ్లీషు మాటాడుట మాని, నిండు తెలుగున కథ చెప్పుడు; కథ వినుట నేర్చినవాడు ఏ భాషలోనైనను కథ వినగలడు. మీ బిడ్డ తరగతిలో లంబాడీ బిడ్డయో ఒడియా బిడ్డయో ఉన్నచో, ఆ బిడ్డ నుడిలో నాలుగు మాటలు నేర్చుకొనిరమ్మని మీ బిడ్డతో చెప్పుడు. రేపటి సాయంకాలము మీ బిడ్డ బడినుండి రాగానే ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుటకు ముందు, నీ ప్రక్కన కూర్చున్నవాని ఇంటిలో నీళ్లను ఏమందురో అడిగి తెలిసికొంటివాయని అడుగుడు. సంస్కారము అచ్చట మొదలగును.